ఫొటో ఎడిటింగ్‌కి కొత్త కంప్యూటర్: ముందు మానిటర్, తర్వాతే మిగతావి

శ్రోతలకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు మన ఊళ్లలో ఫొటో స్టూడియోల వాళ్లు పాత కంప్యూటర్ పక్కన పెట్టి కొత్తది అసెంబుల్ చేయించుకోవాలని చూస్తుంటారు. స్టూడియో లేకపోయినా మంచి కెమెరా కొనుక్కుని, తీసిన ఫొటోలు ఇంట్లోనే దిద్దుకునేవాళ్లు కూడా ఇప్పుడు బాగా పెరిగారు. ఎవరు వెళ్లినా దుకాణంలో వినిపించే మొదటి ప్రశ్న ప్రాసెసర్ గురించే, అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్ గురించే. "ఐ5 వెయ్యమంటారా, ఐ7 వెయ్యమంటారా?" ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు సంగతి. మానిటర్ మాట చిట్టచివర, చేతిలో మిగిలిన డబ్బుతో వస్తుంది. గేమ్స్ ఆడుకునేవాళ్లకు ఆ వరస సరిపోవచ్చు. ఫొటోలు దిద్దేవాళ్లకు మాత్రం అది తలకిందుల వరస. మన ఖర్చు లెక్క మానిటర్‌తో మొదలవ్వాలి. ఆ తర్వాత ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపు ఫైళ్లు తెరిచి ఉంచే మెమరీ, ఇంకా డిస్కులు. అవి కుదిరాకే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు.

ఎందుకంటే, ఫొటో దిద్దడమంటే అడుగడుగునా కంటితో నిర్ణయం తీసుకోవడమే. పెళ్లికూతురి ముఖం మీద పసుపు ఛాయ ఎంత ఉంచాలి? మధుపర్కాల తెలుపులో చేరిన నీలం ఎంత తగ్గించాలి? ఎర్ర పట్టుచీర మీద జరీ మెరుపు పోకుండా వెలుగు ఎంతవరకు పెంచొచ్చు? ఇవన్నీ తెరను నమ్మి చేసే పనులు. తెర రంగు తప్పు చూపిస్తే, లోపల ఎంత ఖరీదైన ప్రాసెసర్ ఉన్నా ఆ తప్పు దిద్దలేదు. చీరల దుకాణంలో మన ఆడవాళ్లు పట్టుచీరను గడప దాకా తెచ్చి, పగటి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు కదా, మానిటర్ దగ్గర చూపించాల్సింది ఆ శ్రద్ధే.

ప్యానెల్ అంటే తెర రకం. మానిటర్ అడిగేటప్పుడు ఐపీఎస్ ప్యానెల్ కావాలని అడగండి. టీఎన్ ప్యానెల్ అయితే తల కాస్త పైకీ కిందికీ కదిపినా రంగు మారిపోతుంది. వంపు తిరిగిన గేమింగ్ మానిటర్లలో చాలావాటికి వీఏ ప్యానెల్ ఉంటుంది. వాటిలో నలుపు చక్కగా కనిపిస్తుంది గానీ, పక్క నుంచి చూస్తే ఛాయ తేడా వస్తుంది. పైగా ఆల్బమ్ షీట్‌లో గీత తిన్నగా ఉందో లేదో వంపు తెర మీద తేల్చుకోవడం కష్టం. రెండో సంగతి, ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఎంత శాతం చూపిస్తుందో కనుక్కోండి. తెర ఏయే రంగులు చూపించాలో చెప్పడానికి 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ప్రమాణం అది. ఇంటర్నెట్‌లో చూసే ఫొటోలు, ఎక్కువ ప్రింటింగ్ ల్యాబులు నేటికీ దాని మీదే నడుస్తున్నాయి. దాదాపు నూరు శాతం చూపించే మానిటర్ తీసుకోండి. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ ఇంకా పెద్దది, ముఖ్యంగా ఆకుపచ్చ రంగుల వైపు. దాన్ని పూర్తిగా చూపించే మానిటర్లు బాగా ఖరీదు. మీ ల్యాబ్ వాళ్లు ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న జేపెగ్ ఫైళ్లే తీసుకుంటుంటే, దాని కోసం అప్పు చెయ్యక్కర్లేదు.

సైజు విషయంలో 27 అంగుళాల తెర, 2560 బై 1440 రిజల్యూషన్ ఈ పనికి హాయిగా ఉంటుంది. అదే 27 అంగుళాల తెర 1920 బై 1080 రిజల్యూషన్‌తో తీసుకుంటే అంగుళానికి 82 పిక్సెల్సే వస్తాయి. కంటి రెప్పల దగ్గర ఫోకస్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి మాటిమాటికీ జూమ్ చెయ్యాల్సి వస్తుంది. బడ్జెట్ తక్కువైతే 24 అంగుళాల మంచి ఐపీఎస్ తీసుకోవడమే నయం.

ఇంకో మాట. "స్క్రీన్ మీద బాగానే ఉంది, ల్యాబ్ నుంచి ప్రింట్లు నల్లగా వచ్చాయి" అని చాలామంది ల్యాబ్ వాళ్లతో గొడవపడుతుంటారు. చాలాసార్లు లోపం ల్యాబ్‌లో ఉండదు. కొత్త మానిటర్ డబ్బాలోంచి తీసినప్పుడు విపరీతమైన వెలుగుతో ఉంటుంది. వెలుగును కొలిచే కాండెలాల్లో చెప్పాలంటే, చదరపు మీటరుకు 250, 300 ఇచ్చేవి మామూలే. ప్రింట్ కోసం దిద్దేటప్పుడు 100 నుంచి 120 ఉంటే చాలు. 250, 300 వెలుగులో చూసి ఫొటోను మనమే చీకటి చేస్తాం, కాగితం మీద అది ఇంకా చీకటిగా కనిపిస్తుంది. అందుకే క్యాలిబ్రేషన్ పరికరం గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. తెర మీద ఆనించి పెడితే రంగులు కొలిచి, తేడా సరిచేసే ప్రొఫైల్ తయారుచేస్తుంది. ఒక్కరికి భారమైతే, పక్క పక్క ఊళ్ల స్టూడియోల వాళ్లు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. దాని సాఫ్ట్‌వేర్ ఎన్ని కంప్యూటర్ల మీద నడుస్తుందో మాత్రం ముందే అడగండి.

ఇక ర్యామ్. ఎంత కావాలో ఊహించుకోవక్కర్లేదు, లెక్క కట్టుకోవచ్చు. మన పెళ్లి ఆల్బమ్‌లలో 12 బై 36 షీట్ అందరికీ తెలిసిందే. అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున వేస్తే అడ్డం 10,800, నిలువు 3,600. అంటే 3 కోట్ల 88 లక్షలకు పైగా పిక్సెల్స్. 8 బిట్‌లో ఒక్కో రంగుకు ఒక బైటు, అంటే ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు. ఖాళీ షీట్ ఒక్కటే 110 ఎంబీ దాటుతుంది. దాని మీద బ్యాక్‌గ్రౌండ్ ఒక లేయర్, అంటే ఒక పొర, పూల అంచు ఒక లేయర్, ఫొటోలు, వాటి మాస్కులు, నీడలు అన్నీ చేరేసరికి, 8 బిట్‌లోనే ఒక్క ఫైలు జీబీ దాటడం విశేషం కాదు. 16 బిట్‌లో చేస్తే రెట్టింపు. వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ దీనికి అదనం. మూడు షీట్లు ఒకేసారి తెరిచి, పక్కన ఫొటోలు సర్దే, దిద్దే లైట్‌రూమ్, బ్రౌజర్ కూడా పెట్టుకుంటే 16 జీబీ ర్యామ్ ఇట్టే నిండుతుంది. నిండాక ఫొటోషాప్ డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. మౌస్ కదిపితే బ్రష్ ఆలస్యంగా కదలడం అక్కణ్నుంచే.

కాబట్టి ఆల్బమ్ పని చేసేవాళ్లకు 32 జీబీ ఉండాలి. సరదాగా ఒక్కో ఫొటో దిద్దుకునేవాళ్లకు 16 చాలు. 32 జీబీ తీసుకునేటప్పుడు రెండు 16 జీబీ స్టిక్కులు వెయ్యించుకోండి. జతగా ఉంటేనే మెమరీ పూర్తి వేగంతో నడుస్తుంది. మదర్‌బోర్డుకు నాలుగు స్లాట్లు ఉంటే మిగతా రెండూ రేపటికి ఉంటాయి. డీడీఆర్4 అనే పాత తరం ర్యామ్ స్టిక్కు డీడీఆర్5 అనే కొత్త తరం బోర్డులో పట్టదు. గాడి వేరే చోట ఉంటుంది. పాత ర్యామ్ కొత్త సిస్టమ్‌కి వాడుకోవచ్చనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. అందుకని కొటేషన్‌లో ర్యామ్ తగ్గించి ప్రాసెసర్ పెంచుతామంటే ఒప్పుకోకండి. అవసరమైతే ప్రాసెసర్ ఒక మెట్టు దించుకోండి.

డిస్కుల దగ్గరికి వద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫైలు, అంటే జేపెగ్‌గా మార్చని అసలు ఫైలు, సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. ప్రధానం నుంచి అప్పగింతల దాకా మూడు వేల ఫొటోలు తీస్తే అటూ ఇటూగా 80 జీబీ. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 150 నుంచి 200 ఎంబీ చదువుతుంది. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేని, చిప్పులతో నడిచే డిస్కు. అందులో సాటా రకం 550 దాకా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకంలో పాతవి కూడా 3,500 దాకా వెళ్తుంది. నా సలహా, రెండు ఎన్‌వీఎంఈలు పెట్టుకోండి. ఒకదాంట్లో విండోస్, సాఫ్ట్‌వేర్లు. రెండోదాంట్లో ప్రస్తుతం చేస్తున్న పెళ్లి ఫొటోలు, ర్యామ్ నిండినప్పుడు ఫొటోషాప్ రాసుకునే స్క్రాచ్ డిస్క్. పని అయిపోయిన పెళ్లిళ్లు పెద్ద హార్డ్ డిస్కులోకి పోతాయి. మదర్‌బోర్డుకు ఇలాంటి ఎస్‌ఎస్‌డీలు గుచ్చే ఎం.2 స్లాట్లు రెండు ఉన్నాయా, రెండూ ఎన్‌వీఎంఈకి పనికొస్తాయా అని అడగండి. పైకి ఒకేలా కనిపించే స్లాట్లు అన్నీ ఒకటి కావు.

బ్యాకప్ గురించి ఒక్క నిమిషం ఎక్కువ తీసుకుంటాను, ఎందుకంటే ఇక్కడ పోయేది మన డబ్బు కాదు. తాళి కట్టే క్షణం మళ్లీ తీయలేం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల డిస్కులు లేదా మీడియా మీద, ఒక కాపీ వేరే చోట. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఒకటి. ఈ బయటి డిస్కు ధర కూడా కొత్త సిస్టమ్ బడ్జెట్‌లోనే వేసుకోవాలి. తర్వాత కొందాంలే అనుకుంటే సీజన్ అయిపోయేదాకా కొనరు.

ప్రాసెసర్ విషయం త్వరగా ముగిస్తాను. ఐ5, ఐ7 అన్న అంకెను మాత్రమే చూడకండి, ఏ తరానిదో చూడండి. ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలను కోర్లంటారు. 2017లో వచ్చిన ఐ7 7700లో నాలుగు కోర్లు. 2022లో వచ్చిన ఐ5 12400లో ఆరు. పాత ఐ7 చౌకగా ఇస్తామంటే మోజుపడితే, దానికి విండోస్ 11 అధికారికంగా పనిచెయ్యదు. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఫొటోషాప్‌లో చాలా పనులు ఒక్కో కోర్ ఎంత వేగంగా నడుస్తుందన్న దాని మీదే ఆధారపడతాయి. ఎక్కువ కోర్లు వేలకొద్దీ ఫొటోలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అక్కరకొస్తాయి. ఆరు నుంచి ఎనిమిది మంచి కోర్లున్న కొత్త ప్రాసెసర్, ఇంటెల్ అయినా ఏఎండీ అయినా, సరిపోతుంది. ఇంటెల్ మోడల్ చివర ఎఫ్ అక్షరం ఉంటే దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. అన్నట్టు, ఆల్బమ్ మీద పేర్లు వెయ్యడానికి మీరు వాడే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ పాతదైతే, కొత్త విండోస్‌లో నడుస్తుందో లేదో పాత సిస్టమ్ తీసెయ్యకముందే చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు కొన్నేళ్ల కిందటి వరకు ఫొటోలకు అంత ముఖ్యం కాదు. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ వచ్చాక పరిస్థితి మారింది. అర్ధరాత్రి ముహూర్తానికి, వెలుగు చాలని మండపంలో, కెమెరా వెలుగును పట్టే శక్తిని, అంటే ఐఎస్‌ఓను, 6400 దాకా పెంచి తీసిన ఫొటోల్లో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, తీసెయ్యడానికి అది అద్భుతంగా పనికొస్తుంది. ఆ పని పూర్తిగా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. మంచి కార్డు ఉంటే ఫొటోకు కొన్ని సెకన్లు, లేకపోతే నిమిషాలు. మీరు డీనాయిస్ బాగా వాడేవాళ్లైతే 8 జీబీ మెమరీ ఉన్న మధ్యరకం కార్డు, ఆర్‌టీఎక్స్ 4060, 5060 లాంటిది చాలు. పగటి వెలుగులో ప్రకృతి ఫొటోలు తీసేవాళ్లు ఆ డబ్బు మానిటర్ మీద పెట్టుకోవచ్చు.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను, నమ్ముకోకండి. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్నది, ఇలాంటి సిస్టమ్‌కి 550 నుంచి 650 వాట్లది తీసుకోండి. క్యాబినెట్ ముందు భాగం గాజు పలక కాకుండా జాలీ ఉన్నదైతే గాలి ఆడుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఏసీ లేని గదిలో పనిచేసేవాళ్లకు అది అలంకారం కాదు, అవసరం. నెలకోసారి ఫిల్టర్ దుమ్ము దులపండి. యూపీఎస్ మీద సామర్థ్యాన్ని వీఏ (వోల్ట్ ఆంపియర్) అని రాస్తారు. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కి 1,000 వీఏ అయినా ఉంటే మంచిది. కరెంటు పోగానే ఫైలు సేవ్ చేసుకుని ఆపేంత వ్యవధి దక్కాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోవడం కూడా మర్చిపోవద్దు.

కొనేటప్పుడు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. కొటేషన్‌లో "16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ" అని రాస్తే చాలదు. కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉండాలి. ప్రాసెసర్ సీల్ ఉన్న డబ్బాతో తీసుకోండి, డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే పీస్ వద్దు. అమెరికా నుంచి వచ్చే బంధువులతో పార్టులు తెప్పించుకోవాలనుకుంటే, ఆ కంపెనీ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. జీఎస్‌టీ బిల్లు, డబ్బాలు, వాటి మీద సీరియల్ నంబర్ల ఫొటోలు భద్రంగా ఉంచండి.

సిస్టమ్ తయారయ్యాక మీ సొంత ఆల్బమ్ షీట్ ఒకటి, రా ఫైళ్లు ఒక వంద పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. షాపులోనే, వాళ్ల దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెరిచి, ఎక్స్‌పోర్ట్ పెట్టి, ఒక గంట నడవనివ్వండి. మానిటర్ మీద తెల్ల పేజీ, నల్ల పేజీ తెరిచి మచ్చలున్నాయేమో చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే మిగతా డబ్బు కట్టండి.

నమస్కారం.