గట్టు రాళ్లు లేని పట్టా

(తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, భోజనం చేసి నేరుగా ఈ ఏసీ హాల్లోకి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నిద్రొస్తే నిద్రపోండి, ఏమీ అనుకోను. మీ వయసులో నేనూ అదే చేశాను.

మాది ఎయిర్ బైపాస్ రోడ్డులో చిన్న ఆఫీసు. కింద టైర్ల షాపు, పైన మేము. వెబ్‌సైట్లు, యాప్‌లు చేస్తాం. కొన్నేళ్ల కిందట, మేం నలుగురమే ఉన్నప్పుడు, అమెరికాలో వంట సామాన్లు అమ్మే ఒకాయనకు సైటు చేసిచ్చాం. పిన్‌కోడ్ కొడితే దగ్గర్లో ఉన్న షాపును మ్యాపు మీద చూపించే పేజీ ఒకటి అందులో ఉంది. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని నేనే రాశాను. ఏడాది తర్వాత రాత్రి పదకొండు గంటలకు ఆయన ఫోను. లాయరు నోటీసు వచ్చిందట. షాపు వెతికే ఆ పద్ధతి మీద తమకు పేటెంటు ఉందని, లైసెన్సు తీసుకోకపోతే కోర్టుకు వెళ్తామని. పంపిన కంపెనీ పేరు మేమెప్పుడూ వినలేదు. వెతికి చూస్తే దానికి ఒక వస్తువు లేదు, ఒక యాప్ లేదు. ఒక అడ్రసు, ఒక లాయరు, ఎవరి దగ్గరో కొన్న పేటెంటు, అంతే.

ఆయన తన లాయరును అడిగాడు. ఈ పేటెంటు నిలబడేది కాదు, కానీ నిలబడదని కోర్టులో తేల్చడానికయ్యే ఖర్చు వాళ్లు అడుగుతున్న దానికి ఎన్నో రెట్లు అని లాయరు చెప్పాడు. ఆయన కట్టేశాడు. తర్వాత మా కాంట్రాక్టు తీసి నాలుగో పేజీ చూపించాడు. ఇన్‌డెమ్నిటీ క్లాజు. మేమిచ్చిన కోడు మీద ఎవరైనా హక్కు అడిగితే ఆ నష్టం మేం భరిస్తామని సంతకం పెట్టాం. చదవకుండా పెట్టాం. సగం మా మీద పడింది. మా నలుగురికీ మూడు నెలల జీతాలు.

అప్పటినుంచి నాకు ఈ విషయం పట్టుకుంది. పేటెంటు ఉన్నవాడు దాని మీద డబ్బు సంపాదించుకోవడం తప్పా? చట్టం ఇచ్చిన హక్కే కదా. మరి మా దగ్గర జరిగింది చూస్తే ఎందుకంత రోత పుడుతుంది?

మా నాయనకు చంద్రగిరి దగ్గర రెండెకరాలుండేది. పక్క పొలం ఆయనతో గట్టు తగాదా. ఏడేళ్లు మాటల్లేవు. చివరికి మండల సర్వేయరు వచ్చాడు. ఎఫ్ఎంబీ పటం, అంటే పొలాల కొలతల పటం పరిచాడు, గొలుసు లాగాడు, పాతుకుపోయిన రాయిని తవ్వి బయటికి తీశాడు. మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. మూడడుగులు మేమే జరిగి ఉన్నాం. మా నాయన ముఖం మాడ్చుకున్నాడు గానీ గట్టు వెనక్కి వేశాడు. భూమికి సర్వే నంబరు ఉంది, రాయి ఉంది, కొలిచే మనిషి ఉన్నాడు. పేటెంటు కూడా పట్టా లాంటిదే, ఇరవై ఏళ్ల పట్టా. మందు పేటెంటు తీసుకుంటే అందులో అణువు నిర్మాణం రాసి ఉంటుంది, నీ మాత్రలో అది ఉందో లేదో ల్యాబులో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ పేటెంటులో ఉండేవి మాటలు. "సమాచారాన్ని స్వీకరించి, పోల్చి, తెర మీద చూపించు పద్ధతి" అని ఉంటుంది. గట్టు ఎక్కడుందో రాసినవాడికే తెలియదు. నువ్వు ఇల్లు కట్టాక వచ్చి, గట్టు నీ వంటింట్లోంచి పోతుందంటాడు.

జిఫ్ బొమ్మలు మీ అందరికీ తెలుసు, పొద్దున గుడ్ మార్నింగ్‌తో వచ్చే కదిలే పువ్వులు. ఆ జిఫ్ లోపల డేటాను కుదించడానికి ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే అల్గారిథమ్ ఉంది. టెర్రీ వెల్చ్ 1984లో దాన్ని వ్యాసంగా అచ్చు వేశాడు. పేటెంటుకు 1983లోనే దరఖాస్తు వెళ్లింది, 1985లో మంజూరైంది, తర్వాత అది యూనిసిస్ చేతికి వచ్చింది. వ్యాసం చదివినవాళ్లు ఇది అందరిదీ అనుకున్నారు. 1987లో కంప్యూసర్వ్ కంపెనీ దాంతో జిఫ్ తయారు చేసి లోకానికి వదిలింది. ఏడేళ్లు ప్రపంచమంతా వాడింది. 1994 డిసెంబరులో, అందరికీ అలవాటైపోయాక, జిఫ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్లకు లైసెన్సు ఫీజు కట్టాలని ప్రకటన వచ్చింది. ప్రోగ్రామర్లు మండిపడి కొన్ని నెలల్లోనే వేరే ఫార్మాటు తయారు చేసుకున్నారు. మీరు రోజూ వాడే పీఎన్‌జీ అదే. అమెరికాలో ఆ పేటెంటు 2003లో కాలం తీరిపోయింది. గమనించండి, యూనిసిస్ నిజంగా కంప్యూటర్లు చేసే కంపెనీ, వెల్చ్ నిజంగా ఆలోచించిన మనిషి. అక్కడ దొంగ ఎవరూ లేరు. గట్టు కనపడకపోతే దొంగలు లేకుండానే ఇంత గొడవ అవుతుంది. అలాంటి చోటికి దొంగ కూడా వస్తే?

వచ్చాడు. అమెరికాలో ఎంపీహెచ్‌జే అనే కంపెనీ ఉండేది. కాగితాన్ని స్కాన్ చేసి నేరుగా ఈమెయిల్‌కు పంపడం మీద తమకు పేటెంట్లున్నాయంది. స్కానర్లు తయారు చేసే పెద్ద కంపెనీల జోలికి పోకుండా ఆ స్కానరు కొనుక్కున్న చిన్న ఆఫీసులకు ఉత్తరాలు రాసింది. పదహారు వేలకు పైగా చిన్న సంస్థలకు ఆ ఉత్తరాలు వెళ్లాయి. ఉద్యోగికి సుమారు వెయ్యి డాలర్లు కట్టమని. ఒక్కో ప్రాంతానికి ఒక్కో డొల్ల కంపెనీ పేరు మీద. రెండు వారాల్లో దావా వేస్తామని బెదిరించింది, వేయలేదు. 2013లో వెర్మాంట్ రాష్ట్రం దాని మీద కేసు పెట్టింది, 2014లో వ్యాపార మోసాల మీద చర్య తీసుకునే అక్కడి కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కట్టడి చేసింది. మన లెక్కలో చెప్పాలంటే జిరాక్స్ షాపులో జిరాక్స్ తీయించుకున్న ప్రతివాణ్నీ పట్టుకోవడం.

ఈ రేటు ఎలా కట్టారో చూడండి, అసలు విషయం అక్కడుంది. ఆ పేటెంటు నీకు ఎంత ఉపయోగపడిందన్నది లెక్కలో లేదు. నువ్వు లాయరును పెట్టుకుంటే ఎంతవుతుందో చూసి, దానికి కాస్త తక్కువ అడిగారు. అమెరికాలో మామూలుగా గెలిచినా నీ లాయరు ఫీజు నువ్వే కట్టుకోవాలి. పేటెంటు కేసు చివరిదాకా పోతే ఖర్చు లక్షల డాలర్లు, పెద్దదైతే మిలియన్లు. అంటే వాళ్లు అమ్మింది లైసెన్సు కాదు, నీ టెన్షన్‌కు విరుగుడు. మన దగ్గర రేణిగుంట వైపో చంద్రగిరి వైపో స్థలం రేటు పెరగ్గానే ఎవడో పాత దస్తావేజు ఒకటి చవకగా కొని, కట్టుకున్న ఇంటి ముందు నిలబడతాడు. కోర్టులో గెలుస్తానన్న నమ్మకం వాడికీ ఉండదు. కూతురి పెళ్లికి ఇల్లు అమ్మాలనుకున్నవాడు కేసు పెట్టుకోలేడని మాత్రం తెలుసు. సెటిల్మెంట్ అంటారు దాన్ని. అక్కడ ఇంగ్లీషులోనూ అదే మాట, వింతేం లేదు.

ఇలాంటి దావాలు ఒకప్పుడు ఎక్కువగా పడింది టెక్సాస్‌లో మార్షల్ అనే చిన్న ఊళ్లో. మన ఊరు యాత్రికుల మీద బతికినట్టు ఆ ఊరు కొన్నాళ్లు పేటెంటు కేసుల మీద బతికింది. లాయర్లకు హోటళ్లు, లాయర్లకు ఆఫీసులు. అక్కడ తరచూ కేసులు ఎదుర్కొనే శామ్‌సంగ్ కోర్టు ఎదుట ఐస్ స్కేటింగ్ రింక్‌కు డబ్బిచ్చింది, జ్యూరీలో కూర్చునేది ఆ ఊరివాళ్లే కదా మరి. 2017లో అమెరికా సుప్రీంకోర్టు, కంపెనీ మీద కేసు ఎక్కడ వేయాలో హద్దు పెట్టాక అక్కడి జోరు తగ్గింది. అంతకుముందు 2014లో ఆలిస్ కేసులో, పాత ఆలోచనకు "కంప్యూటరు మీద" అని తగిలిస్తే పేటెంటు కాదని చెప్పడంతో చాలా పేటెంట్లు రాలిపోయాయి. మా క్లయింటుకు నోటీసు అంతకంటే ముందే వచ్చింది. మా రాత.

సావెరెయిన్ అనే కంపెనీ దగ్గర ఆన్‌లైన్ షాపింగ్ కార్టు మీద పేటెంట్లుండేవి. అవును, బండిలో వేసినట్టు వస్తువులు వేసుకుని చివర్లో డబ్బు కట్టే ఆ కార్టే. 2005లో అమెజాన్ అంతటిది నాలుగు కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఇంకొందరూ కట్టారు. న్యూఎగ్ అనే కంప్యూటరు సామాన్ల కంపెనీ కట్టనంది. కింది కోర్టులో ఓడింది, అయినా పైకి వెళ్లింది. 2013లో అప్పీలు కోర్టు ఆ పేటెంటు క్లెయిములు చెల్లవంది. ఎందుకంటే ఇందాక జిఫ్ కథలో చెప్పిన కంప్యూసర్వ్ వాళ్లు అంతకుముందే తమ ఆన్‌లైన్ మాల్‌లో అలాంటి ఏర్పాటు నడిపారు. అన్నేళ్లు, అంతమంది కట్టిన డబ్బు ఏ ఆవిష్కరణకు? ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మేం కట్టిన సగం డబ్బుతో తర్వాతి నోటీసుకు స్టాంపులు కొని ఉంటారు. భయపడి కట్టిన ప్రతివాడూ ఆ వ్యాపారానికి పెట్టుబడి పెట్టినట్టే. నాకు వేరే దారి లేకపోయింది, అది నిజమే. అయినా పెట్టుబడే.

అయితే, వస్తువు తయారు చేయకుండా పేటెంటుతో సంపాదించేవాళ్లంతా ఇలాంటివాళ్లేనా? కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ రౌటర్లు అమ్మదు. గదిలో గోడలకు తగిలి తిరిగొచ్చే రేడియో అలల గందరగోళాన్ని విడదీసే పద్ధతిని 1990లలో కనిపెట్టి పేటెంటు చేసింది. వైఫై కంపెనీలు లైసెన్సు తీసుకోకపోతే కోర్టుకెక్కి, 40 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా వసూలు చేసింది. అమెరికాలో కొందరు ఆ సంస్థనూ ట్రోల్ అన్నారు. మీమ్స్ ట్రోల్ కాదు, వంతెన కింద కూర్చుని దాటేవాళ్ల దగ్గర సుంకం గుంజే రాక్షసి. ఆ మాటను పేటెంట్ల విషయంలో ప్రచారంలోకి తెచ్చింది ఇంటెల్ లాయరు పీటర్ డెట్కిన్. తర్వాత ఆయనే వేల పేటెంట్లు కొని లైసెన్సులిచ్చే ఇంటెలెక్చువల్ వెంచర్స్‌లో చేరాడు. అందుకే ట్రోల్ అనే తిట్టును నేను పెద్దగా నమ్మను. పెద్ద కంపెనీలకు కూడా అది అనుకూలమైన తిట్టు.

నేను చూసేది ఒక్కటే. నోటీసు పంపినవాడు తన పట్టాను కోర్టు చూడాలని కోరుకుంటున్నాడా, చూడకుండా ఉంటే బాగుండునని కోరుకుంటున్నాడా? సీఎస్ఐఆర్ఓ వాళ్లు కోర్టులో నిలబడ్డారు. ఎంపీహెచ్‌జే తాను ఉత్తరాలతో బెదిరించిన ఆ చిన్న ఆఫీసులను కోర్టుకు తీసుకెళ్లలేదు. మొదటిది హక్కు, రెండోది వసూలు.

ఇంకో తేడా కూడా ఉంది, మన ఊళ్లోనే. తిరుపతి లడ్డూకు 2009లో జాగ్రఫికల్ ఇండికేషన్ (జీఐ), అంటే ఫలానా ప్రాంతపు వస్తువు అనే గుర్తింపు వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి కూడా ఉంది. ఈ జీఐ చట్టంలో ఒక నియమం చాలామందికి తెలియదు. ఆ హక్కును అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. టీటీడీ రేపు అనుకున్నా లడ్డూ పేరును ముంబైలో ఒక మిఠాయి కంపెనీకి రాసివ్వలేదు. చేసే చేతులకే హక్కు అంటుకుని ఉంటుంది. పేటెంటు అలా కాదు, కనిపెట్టినవాడి చేతిలోంచి దివాలా తీసిన కంపెనీ వేలంలోకి, అక్కడినుంచి లాయరు అల్మరాలోకి పోతుంది. అమ్ముకునే వీలు పూర్తిగా తీసేయమని నేననను. డబ్బులేని ఆవిష్కర్తకు అదే ఆధారం కావచ్చు.

మన దేశంలో ఈ బాధ లేదా అంటే, సగం లేదు. పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం అల్గారిథమ్, వ్యాపార పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రామ్ 'పర్ సే' (అంటే దానికదిగా) ఆవిష్కరణలు కావు. ఆ 'పర్ సే' అనే రెండు మాటల మీద ఇరవై ఏళ్లుగా లాయర్లు బతుకుతున్నారు. 2004 డిసెంబరులో ఆర్డినెన్సుతో ఆ తలుపు ఇంకాస్త తెరవాలని చూశారు, 2005లో పార్లమెంటు ఆ మార్పును పక్కన పెట్టింది. అయినా ఫోన్ల దారిలో వచ్చింది. మాటను కుదించి పంపే ఏఎంఆర్ పద్ధతి వంటి పేటెంట్ల మీద ఎరిక్సన్ 2014లో షియోమీని ఢిల్లీ హైకోర్టుకు ఈడ్చింది. క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లను, ఫోనుకు వంద రూపాయలు డిపాజిట్ కట్టి అమ్ముకోమంది కోర్టు. మరుసటి ఏడాదే మన శ్రీసిటీలో షియోమీ ఫోన్ల బిగింపు మొదలైంది. మీ సీనియర్లు ఎవరైనా అక్కడ లైనులో పనిచేసి ఉంటారు. 2024లో లావా కంపెనీ ఎరిక్సన్‌కు 244 కోట్లు కట్టాలని అదే కోర్టు తీర్పిచ్చింది. ఎరిక్సన్ నిజంగా పరిశోధన చేసే కంపెనీ, విచారణ జరిపించుకునే గెలిచింది, కాబట్టి నా కొలతలో అది వసూలు కాదు. చిప్ ధర మీద లెక్క కట్టాల్సిన రాయల్టీని మొత్తం ఫోను ధర మీద కట్టడం మాత్రం నాకు మింగుడు పడదు. మోటారుకు పేటెంటు ఉందని పొలం పంటలో వాటా అడిగినట్టుంటుంది.

ఇప్పుడు మీ సంగతి. గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాను, "మన విద్యార్థుల పేటెంట్లు పబ్లిష్ అయ్యాయి" అని. అభినందనలు. కానీ దరఖాస్తు వేసిన 18 నెలలకు అది ఎలాగూ పబ్లిష్ అవుతుంది, పరీక్ష రాయడానికి హాల్ టికెట్ వచ్చినట్టు. మంజూరు కావడం వేరు. ర్యాంకింగుల్లో రెండూ లెక్కకొస్తాయి కాబట్టి ఫ్లెక్సీలో తేడా కనపడదు. సార్, కోపం తెచ్చుకోకండి.

రేపు ఉద్యోగంలో చేరేరోజు ముప్పై కాగితాల మీద సంతకం చేస్తారు. మీరు కనిపెట్టేదంతా కంపెనీదని అందులో ఒకటుంటుంది. అది మామూలే. మీ పేరున్న పేటెంటును ఆ కంపెనీ ఎప్పుడో అమ్మేస్తే, కొన్నవాడు దాంతో ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక నలుగురి ఆఫీసును బెదిరిస్తే, మీరు ఆపలేరు. 2012లో ట్విట్టర్ ఒక ఒప్పందం ప్రకటించింది. ఉద్యోగి కనిపెట్టిన పేటెంటుతో ఎవరి మీదైనా దాడికి దిగాలంటే ఆ ఉద్యోగి అనుమతి కావాలి, ఆత్మరక్షణకైతే అక్కర్లేదు, పేటెంటు అమ్మినా ఆ షరతు దాంతో పాటే పోతుంది. ఎక్కువ కంపెనీలు దాని వెంట నడవలేదు. ఉద్యోగం వచ్చిన మొదటిరోజే హెచ్‌ఆర్‌ను ఇది అడగమని నేను చెప్పను, నాకూ పిల్లలున్నారు. రెండేళ్లయ్యాక అడగండి.

మేమైతే ఇప్పుడు కాంట్రాక్టు నాలుగో పేజీలో ఆ క్లాజును పెన్నుతో కొట్టేసి, మేం కాపీ కొట్టిన కోడుకు మాత్రమే మాది బాధ్యత అని రాస్తాం. పోయిన నెల ఒక క్లయింటు దానికి ఒప్పుకోలేదు. మంచి పని, ఎనిమిది నెలల పని. వదులుకున్నాం. మా ఆఫీసులో ఒక కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అతను మీ కాలేజీవాడే. అదిగో, చివరి వరుసలో కూర్చున్నాడు. ప్రశ్నలు నన్నే అడగనక్కర్లేదు, అతన్ని కూడా అడగండి.