20 మంది, 20 గిన్నెలు: ‘ఎంప్టీ బౌల్స్’ వర్క్‌షాప్ చేయించే పద్ధతి

నమస్కారం. 1990లో అమెరికాలోని మిషిగన్‌లో జాన్ హార్టమ్, లీసా బ్లాక్‌బర్న్ ‘ఎంప్టీ బౌల్స్’ మొదలుపెట్టారు. చేత్తో చేసిన మట్టి గిన్నెల్లో సూప్ వడ్డిస్తారు. విరాళమిచ్చినవాళ్లు గిన్నె ఇంటికి పట్టుకెళ్తారు, డబ్బు ఆకలి తీర్చే పనులకు వెళ్తుంది. అలాంటి కార్యక్రమానికి, మట్టి ఎప్పుడూ ముట్టనివాళ్లు 20 మందితో గిన్నెలు చేయించడం ఇవాళ చూద్దాం. వంకరగా వచ్చినా పర్వాలేదు, బట్టీలో మాత్రం పగలకూడదు. అదే మన బాధ్యత.

ముందు మట్టి. కుమ్మరి ఆవంలో కాలిన కుండలో నీళ్లు చల్లబడేది సన్న రంధ్రాల వల్లే. సూప్‌కి ఆ గుణం పనికిరాదు, నూనె లోపలికి ఇంకిపోతుంది. అందుకే 1220 డిగ్రీలకు కాలి, రంధ్రాలు మూసుకుపోయి గట్టిపడే ‘స్టోన్‌వేర్’ రకం మట్టి తీసుకోండి. మనిషికి 400 గ్రాములు, అంటే 8 కిలోలు. చేయి తిరగనివాళ్ల కోసం ఇంకో 2 కిలోలు ఉంచుకోండి.

ఉండ చేసి, బొటనవేలు మధ్యలో దించండి. అడుగున ఒక సెంటీమీటరు మిగలాలి. ఇప్పుడు తిప్పుతూ, కింది నుంచి పైకి నొక్కుతూ రండి. చాలామంది ముందే అంచు పలచన చేసేస్తారు. పలచటి అంచు ముందు ఆరి కుంచించుకుంటుంది, మందపు అడుగు ఇంకా తడిగానే ఉంటుంది, ఆ లాగుడుకి పగులు వస్తుంది. గోడ అంతటా 7 మిల్లీమీటర్లు ఉండేలా చూడండి. అంచు చీలితే తడివేలితో రాస్తే చాలు. నీళ్లు పోస్తే గోడ కూలిపోతుంది. కాలాక 12 శాతం దాకా తగ్గుతుంది కాబట్టి, నోరు 14 సెంటీమీటర్లు ఉంటే చివరికి 12 మిగులుతుంది.

పేరు అడుగున గీయించండి. లేకపోతే ఎవరిది ఏదో తేల్చలేం.

రెండు రోజులు ప్లాస్టిక్ కప్పండి, తర్వాత బోర్లించి నీడలో మరో వారం ఆరనివ్వండి. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరై గిన్నెను పేల్చేస్తుంది, పక్కవాటినీ పాడుచేస్తుంది. మొదటి కాల్పులో 90 దగ్గర మూడు గంటలు ఆపి, తర్వాతే 1000కి ఎక్కించండి.

తర్వాత గిన్నెను సీసం లేని, 1220కి సరిపోయే గ్లేజ్ (కాలాక గాజులా మారే పూత) బకెట్‌లో మూడు సెకన్లు ముంచి తీయండి. అడుగు, దానిపైన 3 మిల్లీమీటర్లు తడిస్పాంజితో తుడవాలి, లేకపోతే గిన్నె బట్టీ పలకకి అతుక్కుపోతుంది. రెండో కాల్పులో గిన్నెలు ఒకదానికొకటి తగలకూడదు. బట్టీ 100 కిందకి చల్లబడేదాకా తెరవకండి.

గది శుభ్రం చేసేటప్పుడు చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. మట్టిదుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు హాని.

వడ్డించేముందు ప్రతి గిన్నెలో నీళ్లు పోసి, రాత్రంతా న్యూస్‌పేపర్ మీద ఉంచండి. కాగితం తడిస్తే అది తినడానికి పనికిరాదు. చేసినవాళ్లకి ఆ సంగతి చెప్పి, పెన్నులు పెట్టుకోవడానికి ఇచ్చేయండి.