షుగర్ ఉన్నవాళ్ల కంట్లో కొత్త రక్తనాళాలు ఎందుకు పుడతాయి?

నమస్కారమండీ. స్క్రీన్ మీద ఉన్నది కంటి వెనక పొర, రెటీనా. ఎడంవైపుది మామూలు కన్ను. కుడివైపుది షుగర్ ఏళ్లపాటు అదుపు తప్పిన కన్ను. అందులో అల్లిబిల్లిగా సన్నటి ఎర్రగీతలు కనిపిస్తున్నాయా? అవి పుట్టుకతో ఉన్నవి కావు.

చక్కెర ఎక్కువై రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి, వాటికి ఆసరాగా ఉండే పెరిసైట్ కణాలు చచ్చిపోతాయి. కొన్ని నాళాలు ఉబ్బి కారతాయి, కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. కాలువ పూడిపోతే వంశధార శివారు పొలం ఎండినట్టే, అక్కడి రెటీనాకి ఆక్సిజన్ అందదు. అప్పుడది వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదులుతుంది. కొత్త నాళాలు మొలిచేది దానివల్లే.

కొత్తవి వస్తే మంచిదే కదా అంటారు. కాదండీ. ఇవి ఆక్సిజన్ అందని చోటికి పోవు, రెటీనా పైకి, కంటి మధ్యలోని విట్రియస్ జెల్ వైపు పాకుతాయి. గోడలు బలహీనం, చిట్లుతాయి. రక్తం జెల్‌లోకి దిగితే కళ్లముందు నల్లచుక్కలు, సాలెగూడులాంటి నీడలు, ఒక్కోసారి ఉన్నట్టుండి చీకటి. వాటితోపాటు పెరిగే పీచు పొర ముడుచుకుని రెటీనాని లాగి ఊడదీస్తుంది. కొత్త నాళాలు ఐరిస్ మీద, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర మీద పెరిగితే, కంటి లోపల ఊరే నీరు (కన్నీళ్లు కాదు) బయటికిపోయే దారి మూసుకుపోయి, కంట్లో ప్రెజర్ పెరిగి విపరీతమైన నొప్పి.

చిట్లేదాకా చూపు బాగానే ఉండొచ్చు. అందుకే కళ్లజోడు షాపులో అక్షరాలు చదివేస్తే సరిపోదు. టైప్-2 షుగర్ అని తెలియగానే ఒకసారి, ఆ తర్వాత ఏటా, కంటిపాపని పెద్దది చేసే చుక్కల మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. చుక్కలు పనిచేయడానికి అరగంట, ఆ తర్వాత కొన్ని గంటలు మసక. టెక్కలి నుంచో బొబ్బిలి నుంచో బండి మీద వస్తే, తిరిగి నడపడానికి ఇంకొకరు ఉండాలి. ఉద్దానంవాళ్లకి ఒక మాట: షుగర్‌కి కిడ్నీ జబ్బు, బీపీ తోడైతే కంటికి ముప్పు ఇంకా ఎక్కువ. ఏడాది గడువు మీరు పెట్టుకోకండి, డాక్టర్ చెప్పిన తేదీకే వెళ్లండి.

ఇక వైద్యం. లేజర్‌తో రెటీనా అంచుల్లో సాధారణంగా 1200 నుంచి 1600 సన్నటి కాల్పు మచ్చలు, తరచు రెండు మూడు విడతల్లో పెడతారు. కాలిన చోట ఆక్సిజన్ అవసరం తగ్గి వీఈజీఎఫ్ కూడా తగ్గుతుంది. పోయిన చూపు దీనితో రాదు, ఉన్నది నిలబడుతుంది. రాత్రి చూపు, పక్క చూపు కొంత తగ్గొచ్చు. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు వీఈజీఎఫ్‌ని నేరుగా అడ్డుకుంటాయి, కానీ వాటి ప్రభావం కొన్ని వారాలే. మధ్యలో మానేస్తే నాళాలు మళ్లీ లేచి, రెటీనా ఊడేదాకా పోవచ్చు. ఇచ్ఛాపురం నుంచి నెలనెలా విశాఖ వెళ్లలేకపోతే, మొహమాటపడకుండా మొదటిరోజే డాక్టర్‌కి చెప్పండి. రావడం కుదరనివాళ్లకి లేజరే క్షేమం.

నల్లచుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, చూపుకి తెర అడ్డం పడినట్టున్నా, అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగొద్దు, ఆరోజే వెళ్లండి.