చందుర్తి చేలోకి వచ్చిన యుద్ధం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ గ్రంథాలయ వారోత్సవాలకు నన్ను పిలిచిన కుర్రాళ్లకు, ముందు వరసలో కూర్చున్న హైస్కూలు పిల్లలకు నమస్కారం. శాలువాల సంగతి చివర్లో చూద్దామండి, నాకిచ్చిన ఇరవై నిమిషాలూ నాకు కావాలి. పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. నేనొక యుద్ధం గురించి మాట్లాడతాను. చాలా ఏళ్లుగా మనసులో మోస్తున్న మాట, మన్నించాలి.

ముప్ఫై ఏళ్లు హిస్టరీ చెప్పాను. సప్తవర్ష సంగ్రామం, 1756 నుంచి 1763. కారణాలు రాయుము. సైలీషియా అనే సీమ కోసం ఆస్ట్రియా, ప్రష్యాల తగువు, వలసల కోసం ఇంగ్లండు, ఫ్రాన్సుల పోటీ అని పిల్లలు రాసేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి. ఒకరోజు ఒక అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చి, "మాస్టారూ, మాది పిఠాపురం దగ్గర చందుర్తి. మా చేల దగ్గర తెల్లోళ్లు కొట్టుకున్నారని మా తాత చెప్తాడు. అది ఏ యుద్ధమండీ?" అని అడిగింది. నేను పాఠం చెప్తున్న యుద్ధమే అది. నాకు తెలుసు. కానీ సిలబస్‌లో లేదు, పరీక్షలు దగ్గర పడ్డాయి, ఆ టెన్షన్‌లో "తర్వాత చెప్తానమ్మా" అన్నాను. చెప్పలేదు. ఆ జవాబు ఇవాళ చెప్పడానికి వచ్చాను.

దీని మొదలు ఎక్కడో అమెరికా అడవుల్లో ఉంది. ఒహాయో నది లోయ మాదంటే మాదని ఫ్రెంచివాళ్లు ఒకవైపు, వర్జీనియా ఇంగ్లీషువాళ్లు ఒకవైపు. తరతరాలుగా అక్కడున్న తెగల నేలండీ అది. 1754 మే 28 తెల్లవారుజామున, రాత్రంతా వానలో నడిచొచ్చిన నలభై మంది సైనికులు, తనాగ్రిసన్ అనే తెగ నాయకుడూ అతని మనుషులూ కలిసి, అప్పుడే నిద్ర లేస్తున్న చిన్న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టారు. పావుగంట కాల్పులు. ఫ్రెంచి నాయకుడు జుమోన్‌విల్ చనిపోయాడు. రాయబారం మీద వచ్చినవాణ్ణి చంపారని ఫ్రెంచివాళ్లు, గూఢచారిని చంపామని ఇంగ్లీషువాళ్లు. ఆ ఇంగ్లీషు దళాన్ని నడిపిన కుర్రాడికి ఇరవై రెండేళ్లు. పేరు జార్జి వాషింగ్టన్.

ఐదు వారాలు తిరిగేసరికి చనిపోయినవాడి అన్న దండెత్తి వచ్చాడు. జూలై 3న కుండపోత వాన. తుపాకి మందు తడిసిపోయింది. వాషింగ్టన్ లొంగిపోక తప్పలేదు. రాత్రి కొవ్వొత్తి వెలుగులో, తడిసిన కాగితం మీద, తనకు రాని ఫ్రెంచి భాషలో ఉన్న షరతుల కింద సంతకం పెట్టాడు. అందులో జుమోన్‌విల్ చావును "హత్య" అని రాశారు. పిల్లలూ, చూశారా? చదవలేని కాగితం మీద పెట్టిన సంతకమది. ఫ్రాన్సు దాన్ని యూరప్ అంతా చూపించింది.

ఇక మిగతాది గబగబా చెప్తాను. 1755లో బ్రాడక్ అనే జనరల్ ఇంగ్లండు నుంచి పెద్ద సైన్యంతో వచ్చి ఆ అడవిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. సముద్రం మీద ఇంగ్లీషు నౌకలు ఫ్రెంచి ఓడల్ని పట్టుకున్నాయి. అప్పటికి యుద్ధం ప్రకటించనే లేదు! ఇంగ్లండు రాజు రెండో జార్జికి జర్మనీలో హనోవర్ అనే సొంత రాజ్యం ఉంది. దానికి కాపలా కావాలని 1756 జనవరిలో ప్రష్యాతో ఒప్పందం చేసుకున్నాడు. అది చూసి ఒళ్లు మండిన ఫ్రాన్సు, తరాలుగా పడని ఆస్ట్రియాతో మే 1న చేయి కలిపింది. అదే నెలలో ఇంగ్లండు ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. ఆగస్టు 29న ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పక్కనున్న సాక్సనీ అనే జర్మన్ రాజ్యంలోకి దూసుకెళ్లాడు. ఆస్ట్రియా కోసం ఫ్రాన్సు, ఫ్రెడరిక్ మీద కోపంతో రష్యా, భూమి మీద ఆశతో స్వీడన్, చివర్లో స్పెయిన్, పోర్చుగల్. ఊళ్లో గట్టు తగాదాకి బంధువులంతా కర్రలు పట్టుకొచ్చినట్టే వచ్చారు.

మరి మన చేలోకి ఎలా వచ్చింది? కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో పెట్టాడు. 1757 జనవరిలో బొబ్బిలి. పాపారాయుడి పేరు చెబితే ఇప్పటికీ మనకు ఒళ్లు పులకరిస్తుంది, పులకరించాలి కూడా. ఆ యుద్ధం విజయనగరానికీ బొబ్బిలికీ ఉన్న పగ. కానీ కోట మీద పేలిన ఫిరంగులు బుస్సీవి. విజయనగరంలో విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లకు ఎదురు తిరిగాడు. 1758లో లాలీ అనే ఫ్రెంచి సేనాని మద్రాసు మీదికి పోవడానికి బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే, గజపతి విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. కలకత్తా నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును ఓడల్లో పంపాడు.

1758 డిసెంబరులో చందుర్తి. ఫోర్డు సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. ఎర్ర కోటు చూసి వాళ్లే తెల్ల సైనికులనుకుని ఫ్రెంచి దండు సూటిగా వాళ్ల మీద పడింది. అసలు తెల్ల సైనికులు నిలువెత్తు పెరిగిన చేను చాటున ఉన్నారు. సిపాయిలు చెదిరిపోయి పరుగెడుతుంటే, చేను చాటు నుంచి బయటికొచ్చి పక్కనుంచి కాల్చారు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం పారిపోయాడు. మరుసటి ఏడు ఏప్రిల్లో మచిలీపట్నం కోట రాత్రి దాడిలో పడింది. నెల దాటగానే సలాబత్ జంగ్ మచిలీపట్నం చుట్టుపక్కల సీమ ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. కోస్తాలో ఈస్టిండియా కుంపిణీ పాలన వేళ్లూనింది అక్కడేనండి.

ఒక్క లెక్క వినండి. చందుర్తిలో ఆ రోజు రెండు పక్షాల్లో తెల్లవాళ్లు సుమారు వెయ్యి మంది. ఈ దేశపు సిపాయిలు సుమారు ఎనిమిది వేలు, గజపతి మనుషులు కాక. ఫోర్డు పేరుంది, కాన్‌ఫ్లాన్స్ పేరుంది. ఎర్ర కోటు వేసుకుని ముందు నిలబడి తుపాకి గుళ్లకు ఎదురైనవాళ్లలో ఒక్కడి పేరైనా నా పాఠంలో ఉందా? ఒహాయో ఎక్కడుందో కూడా వాళ్లలో ఎవరికీ తెలిసుండదు. ఎవరి కాగితానికి ఎవరు చచ్చారండీ!

సైలీషియా తీసెయ్యమని నేననను. ఇక్కడున్న మాస్టార్లకు ఒకటే మనవి, ఈ పాఠం చందుర్తి చేలో మొదలుపెట్టి వెనక్కి ఒహాయో దాకా తీసుకెళ్లండి.

చందుర్తి నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో ఉన్నారని తెలుసు. దున్నేటప్పుడు గుండో, ఇనప ముక్కో దొరికిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుంటే, ఫలానా చేను దగ్గరే అని ఎవరైనా చూపించి ఉంటే, నాకు చెప్పండి. నోటుబుక్కు తెచ్చుకున్నాను. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. ఆ అమ్మాయి మీకు తెలిసుంటే, ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటోందో కూడా చెప్పండి.