బూడిద పట్టనివాళ్లు కార్బన్ పడతారా?

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, నన్ను పిలిచిన మెకానికల్ విద్యార్థులకు కృతజ్ఞతలు. ఈ ఇంజినీర్స్ డే నాడు విశ్వేశ్వరయ్య గారి గురించి చెప్పడానికి నాకంటే పెద్దలు వేదిక మీద ఉన్నారు. నేను థర్మల్ ప్లాంటులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ని. పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి భూమిలో దాచడం గురించి చెప్పమన్నారు.

చిమ్నీకి వెళ్లే పొగలో ఆ వాయువు 12 నుంచి 14 శాతం ఉంటుంది. పొగను చల్లబరిచి అమైన్ అనే రసాయనం కలిపిన ద్రావణంలోంచి పంపితే అమైన్ దాన్ని పట్టుకుంటుంది. 120 డిగ్రీల దాకా కాస్తే వదిలేస్తుంది. అప్పుడు కంప్రెస్ చేసి లోతైన రాతిపొరల్లోకి ఎక్కిస్తారు. కెనడాలో బౌండరీ డ్యామ్ ప్లాంటు మూడో యూనిట్‌లో 2014 నుంచి ఈ పని చేస్తున్నారు. అమెరికాలో టెక్సస్‌లోని పెట్రా నోవా అనే ఇలాంటి ప్లాంటు 2017లో మొదలైంది. అక్కడ పట్టిన గ్యాస్‌తో పాత చమురు బావుల్లోంచి నూనె తోడతారు. 2020లో చమురు ధర పడిపోగానే గ్యాస్ పట్టడమూ ఆగింది, మళ్లీ 2023లో గానీ మొదలుకాలేదు.

అమైన్‌ని కాయడానికి ఆవిరి ఎక్కడిది? టర్బైన్‌కి వెళ్లాల్సిన ఆవిరే. కంప్రెసర్‌కి కరెంటు కూడా మనదే. యూనిట్ ఉత్పత్తిలో ఇంచుమించు నాలుగో వంతు అక్కడే ఖర్చయిపోతుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ప్లాంటులో, పేరు వద్దు, రాత్రి షిఫ్టుల్లో ఈఎస్పీ ఫీల్డులు కొన్ని ఆపేయించేవారు. ఈఎస్పీ అంటే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్, పొగలో బూడిదను హైవోల్టేజితో లాగేది అదే; అందులో విడివిడిగా కరెంటు ఇచ్చే భాగాలే ఫీల్డులు. అది తినే కరెంటు ఉత్పత్తిలో ఒక శాతం కూడా ఉండదు. ఆ కాస్త మిగిలిస్తే ఆక్సిలరీ కన్సంప్షన్, అంటే ప్లాంటు తన సొంతానికి వాడుకునే కరెంటు, తగ్గిందని రిపోర్టులో చూపించుకోవచ్చు. ఒక పొద్దున పక్క ఊరి రైతు, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు గోనెసంచిలో తెచ్చి గేటు ముందు కుమ్మరించాడు. కాయలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. వేలితో తుడిస్తే కింద ఎరుపు కనబడింది కానీ, తొడిమ దగ్గర ముడతల్లో పేరుకున్నది తుడిచినా పోలేదు. "సారూ, వీటిని యార్డులో ఎవరు కొంటారు?" అన్నాడు. జవాబిచ్చినవాడు లేడు. ఫీల్డులు ఆపిన సంగతి నేను లాగ్ బుక్‌లో రాశాను. మర్నాడు పిలిచి, ఎందుకు ఆపారని కాదు, ఎందుకు రాశావని అడిగారు!

ఒక శాతం కరెంటు వదులుకోలేనివాళ్లు, ఎవరూ చూడని అర్ధరాత్రి నాలుగో వంతు వదులుకుంటారా? మీరే చెప్పండి.

ఇంకో సంగతి. అమైన్‌కి సన్న బూడిద పడదు, సల్ఫర్ డయాక్సైడ్ పడదు. బౌండరీ డ్యామ్‌లో బూడిద వల్ల కూడా అవస్థలు పడ్డారు. ఏడాదికి పది లక్షల టన్నులన్న లక్ష్యం అందనే లేదు. మన బొగ్గులో బూడిదే 30 నుంచి 40 శాతం. సల్ఫర్ కట్టడికి 2015 డిసెంబర్‌లో కేంద్రం రెండేళ్ల గడువుతో నిబంధన పెట్టింది. వాయిదా మీద వాయిదా వేసి, 2025 జూలైలో చాలా యూనిట్లకు మినహాయింపే ఇచ్చేసింది. అమైన్‌కి ముందు కావలసిన పనే మనం మానుకున్నాం.

మధ్యప్రదేశ్‌లో వింధ్యాచల్ ఎన్టీపీసీ దగ్గర రోజుకు 20 టన్నులు పట్టే యూనిట్ పెట్టారు. ప్రయోగంగా మంచిదే, నేను కాదనను. 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తి లోడ్‌లో నడిస్తే రోజుకు పదివేల టన్నులకు పైనే వదులుతుంది. ఆ ఇరవై చూపించి కొత్త యూనిట్లకు అనుమతులు అడగొద్దంటున్నాను.

మన వికారాబాద్ వైపు ఉన్న నల్లరాయి, బసాల్ట్, గురించి వివరంగా చెప్పాలని వచ్చాను. ఐస్‌లాండ్‌లో గ్యాస్‌ని నీళ్లలో కలిపి అలాంటి రాతిలోకి పంపితే రెండేళ్లలోపే చాలావరకు రాయైపోయింది. కానీ టన్ను గ్యాస్‌కి పాతిక టన్నుల దాకా నీళ్లు కావాలి. మన దగ్గర ఎక్కణ్నుంచి తెస్తాం? టైమ్ అయిందంటున్నారు, ఆపేస్తాను.

పిల్లలూ, వచ్చే నెల ప్లాంట్ విజిట్‌కి వెళ్తున్నారట. కంట్రోల్ రూమ్‌లో సెల్ఫీలు తర్వాత. ముందు ఈఎస్పీ ప్యానెల్ చూడండి. ఎన్ని ఫీల్డులు చార్జ్‌లో ఉన్నాయో లెక్కపెట్టండి. రాత్రి షిఫ్ట్ లాగ్ బుక్ చూపించమనండి. చూపించకపోతే ఎందుకు చూపించరో అడగండి.