అభిషేకంతో తడిసిన తల: భారతంలో కర్ణుడు, సినిమాలో కర్ణుడు

నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నేను మాట్లాడబోయేవి వ్యాస భారతం ఆదిపర్వం, ఉద్యోగపర్వం సంపుటాలు. శ్లోకాల కింద తెలుగు తాత్పర్యం ఉంది. ప్రచురణకర్తలు ఉచితంగా పంపారు, వీటి గురించి చెప్పడానికి నేను డబ్బు మాత్రం తీసుకోలేదు. అచ్చు, కాగితం, అట్ట గురించి మీరు ఈపాటికే వేరేచోట విని ఉంటారు, ఆ జోలికి పోను. ఇవి చదివాక ‘దాన వీర శూర కర్ణ’ మళ్లీ చూశాను. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా. ఎన్టీ రామారావు గారే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, ఆయనే కృష్ణుడు, దర్శకుడూ ఆయనే. కథ మీకు చెప్పనక్కర్లేదు.

నన్ను పట్టుకుని వదలనిది కుమారాస్త్ర విద్యా ప్రదర్శన, అంటే రాజకుమారులు తమ అస్త్రవిద్య చూపించిన చోటు, కర్ణుణ్ణి కులం పేరుతో అవమానించిన చోటు. మా ఊళ్లో పెళ్లంటే చాలు, మైకు సెట్టులో ఆ సినిమా మాటల క్యాసెట్టు మోగేది. ‘ఏమంటివి ఏమంటివి’ అని మొదలవగానే వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయేవారు. కొండవీటి వెంకటకవి గారి మాటలు, రామారావు గారి గొంతు! నాకు ఇప్పటికీ అంతా నోటికి వచ్చు. అయితే ఆ గొంతు దుర్యోధనుడిది. అవమానం కర్ణుడికి జరిగితే చప్పట్లన్నీ దుర్యోధనుడికి వెళ్లాయి. ఇదే నా బాధ.

వ్యాసుడి దగ్గరా దుర్యోధనుడు ఘాటుగానే మాట్లాడతాడు. వీరుల పుట్టుక, నదుల పుట్టుక తెలుసుకోవడం కష్టం అంటాడు. కానీ ఆ మాటకు ముందు ఏం జరిగిందో చూడండి. దుర్యోధనుడు కర్ణుడికి చేయించిన అంగరాజ్యాభిషేకం అప్పుడే అయింది. కర్ణుణ్ణి పెంచిన తండ్రి, రథం తోలే సూతుడు అధిరథుడు చేతికర్ర ఊతంతో రంగంలోకి వచ్చాడు. ఒళ్లంతా చెమట, వణుకు, ఉత్తరీయం జారిపోయింది. ఆయన్ని చూడగానే కర్ణుడు విల్లు వదిలేసి, అభిషేక జలంతో తడిసిన తలను వంచి నమస్కరించాడు. ఆ ముసలాయన కంగారుగా బట్ట చెంగుతో తన పాదాలు కప్పుకున్నాడు! తర్వాత కొడుకును కౌగిలించుకుని, ఆ తడి తలను కన్నీళ్లతో మళ్లీ తడిపాడు. అది చూసే భీముడు, నీ కులానికి తగినట్టు కొరడా పట్టుకో అని ఎగతాళి చేశాడు. తండ్రి సూతుడని అందరికీ తెలిసిపోతుందని తెలిసి కూడా వంగిన తల అది. ఈ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

సినిమా ముగిశాక నాలో మిగిలేది కర్ణుడి మీద జాలి. భారతం అంత తేలిగ్గా జాలిపడనివ్వదు. నిండుసభలో ద్రౌపదిని బంధకి, అంటే శీలం లేనిది, అన్నది ఈ కర్ణుడే. కౌరవులు పశువుల మందలు చూసే నెపంతో వెళ్లిన ఘోషయాత్రలో గంధర్వులకు ఓడి తప్పుకున్నదీ ఇతడే. చదువుతుంటే కోపం వస్తుంది. ఆ కోపంతోనే ఉద్యోగపర్వం తెరిచాను. నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే అని కృష్ణుడు చెబితే కర్ణుడు తనను పెంచిన తల్లి రాధను తలుచుకుంటాడు. నన్ను చూడగానే ఆమెకు పాలు వచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది, ఆమెకు పిండం పెట్టకుండా ఎలా ఉండను అంటాడు. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను అన్న మాటలకు ఇప్పుడు కుమిలిపోతున్నానని కూడా తనంతట తానే ఒప్పుకుంటాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

దుర్యోధనుడి కోసమైతే ఆ సినిమా ఎన్నిసార్లయినా చూస్తాను. కర్ణుడు కావాలంటే మాత్రం ఈ సంపుటాలు కొనండి. వరసగా చదవాలని పెట్టుకోకండి. ముందు ఆదిపర్వంలో, అధిరథుడు చేతికర్రతో లోపలికి వచ్చే చోట తెరవండి.