‘రన్’ పక్కన ఏముందో చూడండి

అనువాదం నేర్చుకోవడానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క ఇంగ్లిషు మాట గురించే మాట్లాడుకుందాం. ఆ మాట ‘రన్’. ఇంగ్లిషులో మూడే అక్షరాలు. ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా ‘పరుగెత్తు’ అని ఠక్కున చెబుతాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువు సంపాదకులు మాత్రం ఈ మాటను కొత్తగా సవరించినప్పుడు క్రియారూపం ఒక్కదానికే 645 అర్థాలు లెక్కగట్టారు. 1928లో పూర్తయిన తొలి ముద్రణలో అన్నిటికన్నా పొడవైన వివరణ ‘సెట్’ అనే మాటది. ఇప్పుడు ఆ పెద్దరికం ‘రన్’కు దక్కింది.

అనువాదంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఈ సంఖ్య విని బెదిరిపోతారు. అంత అవసరం లేదు. ప్రమాదమల్లా ‘రన్’ అని రాసుకుని దాని ఎదురుగా పరుగెత్తు, నడుపు, పారు, కారు, ఆడు అంటూ తెలుగు మాటల వరస పేర్చుకునే అలవాటులో ఉంది. ఏ మాట ఎక్కడ వాడాలో ఆ వరస చెప్పదు. చెప్పేది ‘రన్’ పక్కనున్న నామవాచకం. ముక్కు కారుతుంది, కాలవ పారుతుంది, మిల్లు ఆడుతుంది, బడి నడుస్తుంది, బస్సు తిరుగుతుంది, జ్వరం కాస్తుంది. ఇంగ్లిషులో వీటన్నిటికీ ‘రన్’ సరిపోతుంది. తెలుగులో ప్రతి నామవాచకానికీ దాని క్రియ దానికుంది.

ఈ అర్థాలన్నీ పరుగులోంచి పుట్టిన అలంకారాలని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పాత ఇంగ్లిషు ‘రిన్నన్’కు పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలే. దాని చుట్టమైన జర్మన్ ‘రిన్నెన్’కు ఇవాళ్టికీ పారడం, కారడం అనే అర్థం. మనకిది కొత్తేమీ కాదు. నీళ్లు పారుతాయి, దొంగ పారిపోతాడు, పాచిక పారుతుంది. నీటిపారుదలలోనూ, పారిపోవడంలోనూ ఉన్నది ఒకటే ‘పారు’. రెండు భాషలూ ఎవరి దారిన అవి కదలికనీ ప్రవాహాన్నీ ఒకే మాటలో పెట్టుకోవడం నాకైతే ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఎటొచ్చీ ‘పారు’ అంతటితో ఆగింది, ‘రన్’ యంత్రాల మీదికీ వ్యాపారాల మీదికీ కంప్యూటర్ల మీదికీ పాకింది.

ఇక చిన్న మాట తోడైతే ఏమవుతుందో చూద్దాం. ‘రన్ అవుట్ ఆఫ్’ తీసుకోండి. నిఘంటువు ‘అయిపోవు’ అంటుంది. పెట్రోలుకు అది సరిగ్గా సరిపోతుంది: బండిలో పెట్రోలు అయిపోయింది. ఓపిక మాత్రం నశిస్తుంది, గడువు ముగుస్తుంది, మాటలు కరువవుతాయి. మరి బియ్యం? ఇంట్లో బియ్యం ‘అయిపోయాయి’ అనడానికి పెద్దవాళ్లకు నోరు రాదు. ‘బియ్యం నిండుకున్నాయి’ అంటారు. లేమిని నిండుతనంతో చెప్పే మాట అది. కథలో ఒక ముసలమ్మ కోడలితో ఈ సంగతి చెబుతుంటే ‘బియ్యం అయిపోయాయి’ అని రాసినా తప్పు కాదు, కానీ ఆ ముసలమ్మ గొంతు పోతుంది. అదే సూపర్ మార్కెట్ నోటీసైతే ‘బియ్యం నిండుకున్నాయి’ అని రాయకూడదు. సరుకు దండిగా ఉందనుకునేవాళ్లూ ఉంటారు. అక్కడ ‘స్టాకు లేదు’ చాలు.

‘రన్ ఇంటూ’ కూడా ఇలాంటిదే. పాత స్నేహితుడైతే తారసపడతాడు, కారు చెట్టును గుద్దుకుంటుంది, మనిషి చిక్కుల్లో పడతాడు, నష్టం కోట్లలో ఉంటుంది. నాలుగు చోట్లా ఇంగ్లిషు క్రియ ఒకటే. దాని తర్వాత వచ్చే నామవాచకాన్ని చూడకుండా కలం కదపకండి.

తప్పు రాస్తే ఎవరికో ఒకరికి నొప్పి కలిగే చోటు వైద్య సూచనలు. కాలిన గాయాలకు ప్రథమ చికిత్స చెప్పే ఇంగ్లిషు పాఠాల్లో, కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీటిని ‘రన్’ చేయమని ఉంటుంది. ‘నీటిని నడపండి’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘చల్లటి నీటితో కడగండి’ అంటే అర్థమవుతుంది గానీ, రెండు చెంబులు పోసి ఊరుకుంటారు. ఇక్కడ అర్థానికి ప్రాణం నీళ్లు ఆగకుండా పడటంలో ఉంది, ఎందుకంటే లోపలి వేడిని లాగేది అదే. కాబట్టి ‘కాలిన చోటును కుళాయి కింద పెట్టి, చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి’ అని రాయాలి. ‘చల్లటి’ అన్నాం కదా అని ఎవరైనా ఐసు పెట్టే వీలుంది. అందుకే ‘ఐసు పెట్టవద్దు’ అన్న వాక్యం మూలంలో వేరే చోట ఉన్నా, దీని పక్కకు తెచ్చుకోవడం మంచిది.

బట్టల చీటీ మీద రంగు ‘రన్’ అవుతుందని ఉంటే, అది రంగు దిగడం. వెలిసిపోవడం కాదు. దిగే రంగు పక్క బట్టకు అంటుతుంది, వెలిసే రంగు ఎండకు పాలిపోతుంది. మొదటిదానికి విడిగా ఉతకాలి, రెండోదానికి నీడలో ఆరేయాలి. మాట మారితే జాగ్రత్త కూడా మారిపోతుంది.

‘డ్రై రన్’ మీద కాస్త ఆగాలి. 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో కరోనా టీకా పంపిణీకి నాలుగు రాష్ట్రాల్లో డ్రై రన్ జరిపారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మన కృష్ణా జిల్లాలో చేశారు. మాటను అలాగే తెలుగు లిపిలో వేస్తే, బోరుమోటారున్న రైతుకు మరో అర్థం తోస్తుంది. ఆయనకు డ్రై రన్ అంటే బోరులో నీళ్లు లేకుండా మోటారు ఆడటం. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. అవి లేకపోతే బుష్‌లు అరుగుతాయి, వైండింగ్ కాలుతుంది. అది జరగకూడదనే స్టార్టర్లలో రక్షణ పెడతారు. టీకా వార్తలో ‘సన్నాహక పరీక్ష’ అనో ‘మందు లేకుండా నమూనా పంపిణీ’ అనో వివరంగా రాయాలి. మోటారు పుస్తకంలోనైతే ‘డ్రై రన్’ అనే ఉంచాలి. రైతూ మెకానిక్కూ వాడే మాట అదే మరి.

ఎన్నికల్లో అమెరికావాళ్లు ‘రన్’ అంటారు, బ్రిటన్‌వాళ్లు ‘స్టాండ్’ అంటారు. మనవాళ్లూ ఎన్నికల్లో నిలబడతారు, లేదా పోటీ చేస్తారు. ‘రన్ ఆఫ్’ అని కలిసి వస్తే మాత్రం అది రాజకీయమో వ్యవసాయమో ముందు తేల్చుకోండి. రాజకీయమైతే తొలి విడతలో ఎవరికీ చాలినన్ని ఓట్లు రానప్పుడు ముందున్నవాళ్ల మధ్య పెట్టే మలివిడత పోలింగు. వ్యవసాయమైతే నేలలో ఇంకకుండా పైపైన పారిపోయే వాననీరు.

అన్నిటికన్నా కష్టం ఫోన్ యాప్‌ల పని. పక్కన ఏ నామవాచకమూ లేకుండా ‘రన్’ ఒక్కటే గడిలో వస్తుంది. ఊహించి రాయకండి, ఆ తెర బొమ్మ పంపమని అడగండి. వ్యాయామం యాప్‌లో అది ‘పరుగు’, సాఫ్ట్‌వేర్‌లో ‘అమలు చేయి’. ‘రన్ టైమ్’ సినిమాకైతే నిడివి, పంపు టైమరులో మోటారు ఆడే సమయం. క్రికెట్ యాప్‌లో ఏకవచనానికీ బహువచనానికీ రెండు గళ్లు అడిగి తీసుకోండి. లేదంటే తెర మీద ‘1 పరుగులు’ అని పడుతుంది.

పని ఇలా చేయండి. ‘రన్’ను చేత్తో మూసి మిగతా వాక్యం చదవండి. కదిలేది మనిషా, ద్రవమా, యంత్రమా, దారా, కాలమా తేల్చండి. వెనక చిన్న మాట ఉంటే దాన్ని ‘రన్’తో కలిపి ఒకే క్రియగా తీసుకోండి. ఆ తర్వాత ఇంగ్లిషు కాగితం బోర్లించి, ఆ నామవాచకంతో ఇంట్లోనో, బజారులోనో, పొలంలోనో ఏ క్రియ వాడతారో పైకి అనండి. నోట్‌బుక్కులో ‘రన్’ కింద కాకుండా ‘రంగు’, ‘జ్వరం’, ‘మోటారు’, ‘గడువు’ అని నామవాచకాల కింద రాసుకోండి. అలా రాసుకున్న పేజీ రేపు ‘సెట్’కూ, ‘టేక్’కూ కూడా పనికొస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న కాగితంలో పన్నెండు వాక్యాలున్నాయి. తెలుగు రాయకముందు ప్రతి వాక్యంలోనూ నామవాచకం కింద గీత గీయండి. ఏడోదాంట్లో ‘బ్యాంక్ రన్’ ఉంది. అక్కడ పరుగెత్తేది బ్యాంకు కాదు, డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారిగా ఎగబడే ఖాతాదారులు.